తిమ్మమ్మ మర్రిమాను

తిమ్మమ్మ మర్రిమాను శ్రీసత్యసాయి జిల్లా నంబులపూలకుంట మండలం గూటిబైలు గ్రామం దగ్గర ఉన్న మహావటవృక్షం. కదిరి పట్టణానికి తూర్పు దిక్కుగా సుమారు 25 కి.మీ. దూరంలో ఉంది. దూరం నుంచి చిన్న అడవిలా కనిపించే ఆ పచ్చదనమంతా ఒక్క మర్రిదే. కొమ్మల నుంచి దిగిన ఊడలు నేలలో పాతుకుని మానులయ్యాయి. ఆ మానుల ఆసరాతో కొమ్మలు ఇంకా ముందుకు సాగి, చెట్టు అయిదెకరాలకు అటూ ఇటూగా పరుచుకుంది. పందిరి వైశాల్యం రీత్యా ప్రపంచంలోకెల్లా పెద్ద చెట్టుగా 1989లో గిన్నిస్ రికార్డుల పుస్తకంలో నమోదైంది. చెట్టు ఎత్తు మామూలు మర్రిదే. దీని గొప్పతనమంతా నేల మీద పరచిన నీడలో ఉంది.

ఈ చెట్టు ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ సంరక్షణలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఈ ప్రాంతం అనంతపురం జిల్లాలో ఉండేది. అందువల్ల పాత పుస్తకాల్లోనూ రికార్డుల్లోనూ అనంతపురం పేరుతోనే కనిపిస్తుంది.

స్థానం, నేల, వాన

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వానచాటు ప్రాంతం. నైరుతి మేఘాలు కనుమల అవతలే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడతాయి. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. ఎర్ర నేలలు, గ్రానైట్ గుట్టలు, గుండ్రాళ్ల బోళ్లు, చెనిక్కాయ చేలు, ఎండిన చెరువులు, ఇవీ గుత్తి నుంచి కదిరి దాకా దారి పొడవునా కనిపించేవి. ఇంత కరవు నేలలో ప్రపంచపు అతి పెద్ద చెట్లలో ఒకటి ఎలా నిలిచిందన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

దానికి రెండు కారణాలు చెప్పవచ్చు. మొదటిది చెట్టున్న తావు. రెండు కొండల వరసల మధ్య లోయలాంటి చోట ఉండడంతో పెనుగాలుల తాకిడి తక్కువ. బంగాళాఖాతం తుపానులు కోస్తాను కుదిపేసినా ఇంత లోపలికి వచ్చేసరికి వాటి ఊపు తగ్గుతుంది. పందిరి వెడల్పుగా పెరిగే చెట్టుకు మొదటి శత్రువు గాలే కాబట్టి ఈ అనుకూలత చిన్నది కాదు. రెండో కారణం మర్రి స్వభావం. మర్రి వేరు నీటిని వెతుక్కుంటూ చాలా దూరం పోతుంది. పైగా చెట్టుకు ఒకే చోట వేళ్లు ఉండవు, ఊడ దిగిన ప్రతిచోటా కొత్త వేళ్లు పుడతాయి. ఒక మూల నేల ఎండినా మరో మూల తేమ దొరుకుతుంది.

మర్రి జాతి

మర్రి శాస్త్రీయ నామం ఫైకస్ బెంగాలెన్సిస్. మోరేసీ కుటుంబానికి చెందింది. రావి, జువ్వి, మేడి, అత్తి దీని దగ్గరి బంధువులు, అన్నీ ఫైకస్ ప్రజాతిలోవే. భారత ఉపఖండం మర్రికి జన్మస్థలం. 1950లో భారత జాతీయ వృక్షమైంది. అలెగ్జాండర్ దండయాత్రతో వచ్చినవారు చెప్పిన వివరాల ఆధారంగా సా.పూ. నాలుగో శతాబ్దిలోనే గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ తన వృక్షశాస్త్ర గ్రంథంలో ఈ చెట్టును వర్ణించాడు. కొమ్మల నుంచి వేళ్లు దిగే చెట్టు మధ్యధరా దేశాలవారికి అంత వింతగా తోచింది.

మర్రి తరచు మరో చెట్టు మీద పుడుతుంది. పండు తిన్న పక్షి రెట్టలో విత్తనం ఏ తాటిచెట్టు మట్టల సందులోనో, పాడుబడిన గోడ నెర్రెలోనో పడి మొలుస్తుంది. వేళ్లు కిందికి పాకి నేలను అందుకుంటాయి. నేల అందాక పెరుగుదల ఊపందుకుంటుంది, ఆశ్రయమిచ్చిన చెట్టు వేళ్ల వలలో చిక్కి కాలక్రమాన చనిపోతుంది. కొమ్మ నాటినా మర్రి బతుకుతుంది. వెనకటి రోజుల్లో బాటల వెంట నీడకోసం చేతి లావు మర్రి కొమ్మలను నరికి తెచ్చి గుంజల్లా పాతేవారు. తిమ్మమ్మ ఐతిహ్యాన్ని చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పండు, కందిరీగ

మర్రిపండు అని పిలిచేది నిజానికి లోపలికి మడిచిన పూలగుత్తి. దాని గోడకు లోపలి వైపున వందలాది సూక్ష్మమైన పూలుంటాయి. వాటికి పుప్పొడి చేర్చగలిగేది యూప్రిస్టినా మసోని అనే చిన్న కందిరీగ ఒక్కటే. ఆడ కందిరీగ కాయ మొనలో ఉన్న సన్నటి ద్వారం గుండా దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే రెక్కలు అక్కడే ఊడిపోతాయి. లోపల తాను తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. పిల్లల్లో మగవి ముందు బయటపడి, ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు తూటు పెడతాయి. వాటి బతుకంతా ఆ కాయలోనే తీరిపోతుంది. ఆడవి పుప్పొడి పూసుకుని ఆ తూటు గుండా ఎగిరి మరో మర్రిని వెతుక్కుంటాయి. అత్తి, మేడి పండ్లలో పురుగులుంటాయని తెలుగువారందరికీ తెలుసు. ఆ పురుగులే లేకపోతే ఆ చెట్లకు విత్తనమే లేదు.

పండి ఎర్రబడ్డాక గోరువంకలు, కోకిలలు, కంసాలి పిట్టలు, పచ్చ పావురాలు, గబ్బిలాలు వాటిని తింటాయి. వేరే చెట్లకు పండు లేని కాలంలోనూ ఎక్కడో ఒక మర్రి కాసి ఉంటుంది. మెట్ట ప్రాంతంలో పక్షులకు అది పెద్ద ఆధారం.

ఊడ పనితీరు

పెద్ద మర్రిని అర్థం చేసుకోవాలంటే ఊడను అర్థం చేసుకోవాలి. కొమ్మ అడుగు భాగం నుంచి గోధుమ రంగు దారపు పోగుల్లా కుచ్చులుగా లేత ఊడలు దిగుతాయి. కొనలు మెత్తగా, లేత పసుపు వన్నెలో ఉంటాయి. గాలిలో ఉన్నంతకాలం వాటి ఎదుగుదల పొడవులోనే, లావు పెద్దగా పెరగదు. వానాకాలం గాలిలో తేమ ఉన్నప్పుడు త్వరగా సాగుతాయి, ఎండాకాలం కొనలు మాడి ఆగిపోతాయి. అందుకే కరవు సీమలో వందల ఊడలు దిగినా నేలదాకా చేరేవి కొన్నే.

కొన నేలను తాకి మట్టిలో పాతుకున్న తర్వాత ఊడ స్వభావం మారిపోతుంది. మట్టిలో పిల్లవేళ్లు పుట్టి ఊడను పట్టి నిలుపుతాయి. లోపల ఏర్పడే ప్రత్యేకమైన కలప కుదించుకోవడంతో, అంతవరకు వదులుగా ఊగిన ఊడ తీగలా బిగుసుకుంటుంది. ఆపైన లావెక్కడం మొదలవుతుంది. కొన్నేళ్లకు బెరడు కట్టి, చూసినవారు వేరే చెట్టు అనుకునేంత మాను అవుతుంది. ఆ మాను రెండు పనులు చేస్తుంది. అడ్డంగా సాగిన కొమ్మ బరువును నేలకు దించుతుంది, ఆ కొమ్మకు నీరూ పోషకాలూ అక్కడి నుంచే అందిస్తుంది. ఇక ఆ కొమ్మకు మొదటి మానుతో అవసరం దాదాపు తీరినట్టే. మొదటి మాను కుళ్లి పోయినా చెట్టు చావకపోవడానికి కారణం ఇదే.

ఈ ఏర్పాటంతా నేల గుల్లగా ఉండడం మీద ఆధారపడి ఉంది. జనం, పశువులు తొక్కి తొక్కి నేల గట్టిపడితే ఊడ కొన లోపలికి దిగదు. నీరు ఇంకదు, పిల్లవేళ్లకు గాలి అందదు. చేతికందే ఎత్తులో వేలాడే కొనలను మేకలు కొరికినా, పిల్లలు పట్టుకుని ఊగినా కొన తెగి ఆ ఊడ ఎదుగుదల ఆగుతుంది. ఒక ఊడ పోయిందంటే కొన్నేళ్ల తర్వాత ఒక కొమ్మను మోయవలసిన స్తంభం పోయిందన్నమాట.

కొలతలు, వయసు

మర్రిని కొలవడం తేలిక కాదు. తిమ్మమ్మ మర్రిమాను పందిరి వైశాల్యానికి తరచు చెప్పే అంకె 19,107 చదరపు మీటర్లు, అంటే 4.72 ఎకరాలు. అయిదెకరాలు దాటిందన్న లెక్కలూ ఉన్నాయి. కొమ్మల మధ్య ఖాళీలను కలిపారా, తీసేశారా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. పందిరి అంచు చుట్టుకొలత 846 మీ. ఊడల సంఖ్య 1,100కు పైచిలుకని పాత లెక్క. సన్నటివాటిని కూడా కలిపి వేలల్లో చెప్పిన లెక్కలు తర్వాత వచ్చాయి. ఈ అంకెలను ఒకే గీటురాయి మీద తూచలేం కాబట్టి ‘ఇన్నే ఊడలు’ అని తేల్చి చెప్పే రాతలను జాగ్రత్తగా చదవాలి.

హౌరాలోని మహావటవృక్షంతో పోలిస్తే ఒక విశేషం బయటపడుతుంది. ఆ చెట్టు వైశాల్యం 18,918 చదరపు మీటర్లు, చుట్టుకొలత 486 మీ. రెండు చెట్ల వైశాల్యాల మధ్య తేడా నూటికి ఒక పాలే, తిమ్మమ్మ మర్రిమాను చుట్టుకొలత మాత్రం హౌరా చెట్టు చుట్టుకొలతకు ఒకటిన్నర రెట్లకు మించి ఉంది. హౌరా చెట్టు తోటమాలుల పెంపకంలో దాదాపు గుండ్రంగా ఎదిగింది. తిమ్మమ్మ మర్రిమాను మట్టి మెత్తగా దొరికిన వైపుకు చేయి చాచుకుంటూ, రాయి తగిలినచోట ఆగుతూ వంకరటింకర అంచులతో సాగింది.

‘పెద్ద చెట్టు’ అనే మాటకే పలు అర్థాలున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం సియెర్రా నెవాడా పర్వతాల్లో 1890లో ఏర్పడిన సెకోయా జాతీయ ఉద్యానం మహావృక్షాలకు లోకప్రసిద్ధం. అక్కడి జనరల్ షెర్మన్ చెట్టు ఎత్తు 83.8 మీ., మాను ఘనపరిమాణం సుమారు 1,487 ఘనపు మీటర్లు. ఒంటి మాను ఘనపరిమాణంలో భూమి మీద దానికి సాటి లేదు. సెకోయా నిటారుగా ఒకే మానులో కలప కూడబెడుతుంది, మర్రి నేలబారుగా పరుచుకుంటుంది. కాబట్టి వీటిలో ఏది పెద్దదన్న ప్రశ్నకు కొలత ఏమిటో చెప్పకుండా జవాబు లేదు.

వయసు విషయంలో తేడా ఇంకా ఎక్కువ. చలికాలం మంచు కురిసే చోట పెరిగే సెకోయాకు ఏటా ఒక వలయం స్పష్టంగా ఏర్పడుతుంది. అలా లెక్కించినవాటిలో 3,266 ఏళ్ల చెట్టు ఉంది. మర్రికి అలాంటి నమ్మదగ్గ వార్షిక వలయాలు ఉండవు. ఉన్న మానుల్లో మొదటిది ఏదో, అసలు అది మిగిలిందో లేదో చెప్పడం కష్టం. తిమ్మమ్మ మర్రిమానుకు ఆరు వందల ఏళ్లకు దగ్గరగా వయసు చెప్పడం ఐతిహ్యంలోని సంవత్సరం ఆధారంగానే.

ఒకే చెట్టా అన్న సందేహానికీ శాస్త్రంలో చోటుంది. పనామాలో మర్రి తరహా చెట్ల మీద 1991లో వెలువడిన జన్యు పరిశోధనలో, ఒక్కటిగా కనిపించిన కొన్ని చెట్లు పలు విత్తనాల నుంచి పుట్టి వేళ్లు అతుక్కుపోయినవని తేలింది. మర్రి జాతుల్లో వేరుకు వేరు తగిలితే కలిసిపోవడం మామూలే.

ఐతిహ్యం

స్థానికంగా ప్రచారంలో ఉన్న కథ ప్రకారం తిమ్మమ్మ శెట్టిబలిజ దంపతుల కూతురు. ఆమెను బాలవీరయ్య అనే అతనికిచ్చి పెళ్లి చేశారు. భర్తకు కుష్ఠువ్యాధి సోకింది. ఊరివారు దూరం పెట్టినా తిమ్మమ్మ విడవకుండా సేవ చేసింది. 1434లో భర్త చనిపోగా ఆయన చితి మీదే ఆమె సహగమనం చేసింది. చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఈ మర్రి అయిందని చెబుతారు. మర్రి కొమ్మ గుంజగా పాతినా వేరు పట్టే గుణమున్నదే కాబట్టి కథలోని ఆ అంశం వృక్షశాస్త్రానికి విరుద్ధమేమీ కాదు. తక్కిన వివరాలకు జనశ్రుతే ఆధారం.

సహగమనం రాయలసీమలో మధ్యయుగాల నాటి ఆచారం. ఊళ్ల పొలిమేరల్లో కనిపించే సతీశిలలు అందుకు సాక్ష్యాలు. బ్రిటిష్ పాలనలో బెంగాల్‌లో 1829లోనూ మద్రాసు రాజధానిలో 1830లోనూ దీన్ని నిషేధించారు. సతిని కీర్తించడాన్ని 1987 నాటి కేంద్ర చట్టం నేరంగా పరిగణిస్తుంది. నేడు గూటిబైలులో జనం కొలిచేది తిమ్మమ్మను ఊరి అమ్మవారిగా. ఆమె కథలో ఇప్పటికీ ఎక్కువగా చెప్పుకునే భాగం రోగిష్టి భర్తకు చేసిన సేవే.

పూజ, జాతర

చెట్టు నీడలో తిమ్మమ్మకు చిన్న గుడి ఉంది. సంతానం లేని దంపతులు మొక్కుకుంటే మరుసటి ఏడు బిడ్డ పుడుతుందన్న నమ్మకం బలంగా ఉంది. మహాశివరాత్రికి జరిగే జాతరకు కదిరి, రాయచోటి ప్రాంతాల నుంచి, కర్ణాటక నుంచి జనం పెద్దయెత్తున వస్తారు. ఈ చెట్టు ఆకు తుంచినా కీడు తగులుతుందని ఇక్కడివారి భయం. చట్టాలూ కంచెలూ లేని కాలంలో, వంటచెరకుకు కటకటలాడే మెట్ట సీమలో, ఇన్ని ఎకరాల చెట్టు గొడ్డలి దెబ్బ తినకుండా మిగలడానికి ఈ భయభక్తులే ముఖ్య కారణమని చెప్పవచ్చు.

వెలుగులోకి రావడం, సంరక్షణ

చుట్టుపక్కల జిల్లాలకు ఎప్పటి నుంచో తెలిసినా, ఈ చెట్టు పేరు బయటి ప్రపంచానికి పాకింది 1980ల చివర. బెంగళూరుకు చెందిన పాత్రికేయుడు, ఛాయాచిత్రకారుడు సత్యనారాయణ అయ్యర్, ‘రిగ్రెట్ అయ్యర్’గా ప్రసిద్ధుడు, దీని వివరాలను గిన్నిస్ సంస్థ దృష్టికి తెచ్చాడు. 1989లో నమోదైన తర్వాత పర్యాటకం పెరిగింది. దానితోపాటే నేల తొక్కుడు పడే బెడదా పెరిగింది.

అటవీ శాఖ ఇక్కడ చేసే పని తోటపనికీ వైద్యానికీ మధ్యస్థంగా ఉంటుంది. ముఖ్యమైనది ఊడలకు దారి చూపడం. ఒక వెదురు బొంగును నిలువునా చీల్చి, కణుపుల అడ్డుగోడలు తీసేసి, అందులో మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపుతారు. వేలాడుతున్న లేత ఊడను ఆ మట్టిలో పెట్టి, రెండో చెక్కను మూసి తాడుతో కట్టి నిలబెడతారు. గాలిలో ఎండిపోవలసిన ఊడకు గాలిలోనే నేల దొరికినట్టవుతుంది. అది వెదురు లోపలే పిల్లవేళ్లు వేసుకుంటూ కిందికి దిగి అసలు నేలను అందుకుంటుంది. కొత్తగా చేరిన కూలీకి ఇచ్చే పని కాదిది. ఏ కొమ్మ ఎటు ఒరిగిందో, దాని బరువు ఎక్కడ పడుతోందో చూసి ఊడను ఎంచుకోవడం అనుభవం మీద వచ్చే నేర్పు. ఊడల ఆసరా లేని బరువైన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఎండాకాలం నేల తడపడానికి నీటి ఏర్పాట్లున్నాయి.

చెట్టు ఒక్కటే కావడంతో దీన్ని జాతీయ ఉద్యానంగానో అభయారణ్యంగానో ప్రకటించే వీలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అంతగా లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం మాత్రం చిన్న తావులను కూడా జీవవైవిధ్య వారసత్వ స్థలాలుగా ప్రకటించే అవకాశం ఇచ్చింది. ఆ చట్టం కింద దేశంలో మొదట, 2007లో, గుర్తింపు పొందింది ఇక్కడికి దూరం కాని దేవనహళ్లి దగ్గరి నల్లూరు చింతతోపు.

ఇతర పెద్ద మర్రులు

పిల్లలమర్రి. తెలంగాణలో మహబూబ్‌నగర్ పట్టణానికి దగ్గరలో ఉంది. ఏడు వందల ఏళ్లదని చెబుతారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడడంతో సందర్శకులను ఆపివేశారు. చెదలు మానును లోపలి నుంచి తినేశాయని తేలింది. 2018లో అటవీ అధికారులు మానులో రంధ్రాలు చేసి, ఆసుపత్రుల్లో వాడే సెలైన్ సీసాల ద్వారా పలచన చేసిన క్లోరిపైరిఫాస్ మందును చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. విరిగే కొమ్మలకు స్తంభాలు నిలిపారు. జనం కొమ్మలెక్కి ఊగడం, చెట్టు చుట్టూ కట్టడాలు వేళ్లకు అడ్డు పడడం ఈ దుస్థితికి తోడయ్యాయి. తిమ్మమ్మ మర్రిమాను విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

హౌరా మహావటవృక్షం. 1787లో స్థాపించిన వృక్షోద్యానంలో, నేటి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారతీయ వృక్షోద్యానంలో ఉంది. 1864, 1867 తుపానుల్లో దెబ్బతింది. ఆ గాయాల గుండా శిలీంధ్రం సోకడంతో 1925లో నడిమి మానును తొలగించారు. మిగిలిన ఊడమానులతో చెట్టు ఇప్పటికీ పెరుగుతోంది.

చెన్నై అడయారులోని దివ్యజ్ఞాన సమాజం తోటలో ఉన్న మర్రి నడిమి మాను 1989లో కూలింది. బెంగళూరు దగ్గర రామోహళ్లిలోని దొడ్డ ఆలదమర మూడెకరాల మేర ఉంది, దాని మొదటి మాను 2000ల దశకంలో చనిపోయింది. గుజరాత్‌లో భరూచ్ దగ్గర నర్మదా నదిలోని దీవి మీద ఉన్న కబీర్‌వడ్ సంత్ కబీర్ పేరుతో ముడిపడింది.

సందర్శన

గుత్తి నుంచి. గుత్తి హైదరాబాదు-బెంగళూరు జాతీయ రహదారి మీద, ముంబయి-చెన్నై రైలు మార్గం మీద ఉన్న కూడలి. ఉత్తరాది నుంచి వచ్చేవారికి ఈ ప్రయాణం మొదలయ్యేది ఇక్కడే. రోడ్డు మీద దక్షిణంగా 50 కి.మీ. పైచిలుకు వెళితే అనంతపురం. అక్కడి నుంచి బత్తలపల్లి, ముదిగుబ్బ మీదుగా కదిరికి మరో 90 కి.మీ. దాకా ఉంటుంది. రైలులో అయితే ధర్మవరం చేరి, ధర్మవరం-పాకాల మార్గంలో కదిరిలో దిగాలి. కదిరి నుంచి చెట్టు దగ్గరికి ఆర్టీసీ బస్సులు, ఆటోలు, అద్దె కార్లు ఉంటాయి. బస చేయడానికి కదిరే అనుకూలం.

కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అయితే ఈ చెట్టు విలువ ఒంటికి తెలిసేది ఆ ఎండలోనే. ఊడలు పెరిగే తీరు చూడగోరేవారు వానలు పడ్డాక రావాలి. చెట్టును తీరిగ్గా చూడాలంటే శివరాత్రి రోజులు అనువు కావు.

చూడవలసినవి. గుడి దగ్గర నుంచి అంచు వైపు నడిస్తే ఊడ జీవితమంతా వరసగా కనిపిస్తుంది. నడుమ ముదురు మానులు, వాటిని దాటాక వెదురులో కట్టిన ఊడలు, అంచున గాలికి ఊగే కుచ్చులు. ఒక కొమ్మను మొదటి నుంచి చివరి దాకా కంటితో వెంబడిస్తే అది ఎన్ని మానుల మీద వాలి సాగిందో తెలుస్తుంది.

నియమాలు. ఏర్పరచిన బాట వదలకూడదు. ఊడలను పట్టుకుని ఊగడం, మాను మీద పేర్లు చెక్కడం, చెట్టు కింద పొయ్యి పెట్టడం తగదు. సందర్శకుల కాలి తొక్కుడు మహావృక్షాలకు చేసే హాని కొత్తగా కనుగొన్నది కాదు. సెకోయా ఉద్యానంలో వృక్షవ్యాధుల శాస్త్రవేత్త మైనెకీ 1926లోనే ఆ సంగతి నివేదించాడు. అయినా చెట్ల మధ్య కట్టిన వసతిగృహాలను, దుకాణాలను అక్కడి నుంచి తొలగించడం 1990ల చివరిదాకా పూర్తికాలేదు. సెకోయాకు వేళ్లు ఒక్క మాను చుట్టూనే ఉంటాయి. మర్రికి పందిరి కింద ప్రతి అడుగూ వేరు దిగే తావే కావడంతో ఇక్కడ బాట నియమం ఇంకా ముఖ్యం.

దారిలో. కదిరిలో ఖాద్రి లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉంది. గాండ్లపెంట మండలం కటారుపల్లిలో యోగి వేమన సమాధి ఉంది. నంబులపూలకుంట మండలంలోనే 2016లో తొలి దశ ఉత్పత్తి మొదలైన భారీ సౌరవిద్యుత్ పార్కు ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బు లేని ఆకాశమే ఆ పార్కును ఇక్కడికి తెచ్చింది.

సంబంధిత అడవులు

కొండల మీది జాతీయ ఉద్యానం చూడగోరేవారికి రాయలసీమలో ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం. శేషాచలం కొండల్లో 353 చ.కి.మీ. మేర విస్తరించి, 1989లో ఆ హోదా పొందింది. చుట్టూ ఉన్న అడవులతో కలిపి 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు ఏర్పడింది. అక్కడి ప్రసిద్ధ వృక్షం ఎర్రచందనం. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టు తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితం. తంబజలారి, మొగి, పేరిత వంటి అరుదైన మొక్కలు కూడా ఆ కొండల్లో ఉన్నాయి. తలకోన జలపాతం దగ్గర చెట్ల మీదుగా అల్లుకుపోయిన గిల్లతీగ చూడదగ్గది.

పైన ప్రయాణం మొదలైన చోటుగా చెప్పిన గుత్తి పేరును ప్రపంచ జీవశాస్త్రంలో నిలిపినది ఒక అడవి జీవే. 1899లో బ్రిటిష్ శాస్త్రవేత్త పోకాక్, గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ముదురు నీలం రంగు సాలీడును పోయిసిలోథీరియా మెటాలికా పేరుతో వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్ల పాటు అది ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అది ముదురు చెట్ల తొర్రల్లో నివసించే జీవి. గుత్తికి కలపతో పాటు రైలులో వచ్చి ఉంటుందని భావిస్తారు. 2008 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి జాబితాలో తీవ్రంగా అంతరించిపోతున్న జీవిగా ఉంది. వంటచెరకుకూ కలపకూ ముదురు చెట్లను కొట్టేయడం, పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకోవడం దాని క్షీణతకు కారణాలు.